గిన్నెలో మిగిలింది

వెండి సామాను విబూదితో తోమితే తళతళలాడుతుందని అందరికీ తెలుసు. పాస్టరు భార్య ఇంట్లో విబూది ఎక్కడుంటుంది? అందుకని వసంతకుమారి పళ్ళపొడితోనే తోముతుంది. అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో రెండో అంతస్తు అపార్ట్‌మెంట్, సింకు పక్కన పాత బనియను గుడ్డ, చేతిలో గిన్నె. పేరుకే గిన్నె. పొడుగు కాడతో, వెండి పూతతో ఉండే ఆ పాత్రను ఆమె భర్త ఆమోసు గుంటూరు నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చాడు. నెలకోసారి తెలుగు సంఘమంతా ఆ ఒక్క గిన్నెలోనే ద్రాక్షారసం తాగుతుంది.

దుకాణంలో సీసా ద్రాక్షరసం దొరక్క కాదు. కానీ ఆమె ఇప్పటికీ కిస్‌మిస్ నానబెట్టి, మరగబెట్టి, పలుచని గుడ్డలో వడకడుతుంది. అత్తగారు నేర్పిన పద్ధతి. మామగారూ పాస్టరే. ఆయన నేర్పిన పద్ధతి ఇంకొకటి ఉంది. రొట్టె, ద్రాక్షారసం పంచుకునే బల్ల ఆరాధన అయ్యాక గిన్నెలో మిగిలింది పారబోయకూడదు. పాస్టరే తాగాలి. తర్వాత గిన్నెలో మంచినీళ్ళు పోసి, తిప్పి, ఆ నీళ్ళు కూడా ఆయనే తాగాలి. సింకులోకి ఒక్క చుక్క పోకూడదు. ఆ నీళ్ళ కోసం చిన్న గాజు కూజా ఒకటుంది. దాన్ని అందించేది వసంతకుమారే. ఆమోసుకు తీపి వెగటు కాబట్టి ఎక్కువ మిగలకుండా ఆమె కొలత చూసి పోస్తుంది.

ఆమోసు వారమంతా ఒక బ్యాంకు వెనక గదిలో చెక్కులు సర్దే ఉద్యోగం చేస్తాడు. శనాదివారాలు పాస్టరు. ఈ నెలంతా సంస్కరణ పండుగ ప్రసంగం రాసుకుంటున్నాడు. నాలుగు వందల ఏళ్ళ కిందట చర్చిని సంస్కరించిన మార్టిన్ లూథరంటే ఆయనకి చరిత్రలో మనిషి కాదు, ఇంటి పెద్ద. అన్నం తింటూ ఆయన కబుర్లే.

"ఆ రోజుల్లో ప్రజలకి రొట్టె ముక్క మాత్రం ఇచ్చేవాళ్ళు వసంతా. గిన్నె వాళ్ళ నోటికి అందనిచ్చేవాళ్ళు కాదు. గురువులే తాగేసేవాళ్ళు. లూథరు ఏమన్నాడు? గిన్నె అందరిదీ అన్నాడు. చాకలీ తాగొచ్చు, రాజూ తాగొచ్చు. మొత్తం సంస్కరణంతా ఆ ఒక్క మాటలో ఉంది."

చెప్పేటప్పుడు ఆయన కళ్ళు నిజంగానే చెమ్మగిల్లుతాయి. అది నటన కాదు. వసంతకుమారికి ఆయన నచ్చేదే అందుకు. ప్రతి ఆదివారం ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే "ప్రసంగం ఎలా ఉంది?" అని అడుగుతాడు. బాగుందని ఆమె అంటుంది. చాలాసార్లు బాగానే ఉంటుంది.

గిన్నె తోమిన ఆ గురువారం సాయంత్రం సంఘ కమిటీ వాళ్ళింటికి వచ్చింది. కమిటీ అంటే దైవాశీర్వాదం గారు, ఆయన భార్య లూసీ, కోశాధికారి రత్నరాజు. దైవాశీర్వాదాన్ని అందరూ డాక్టరు గారంటారు. ఆయన డాక్టరేటు రంగుల కెమిస్ట్రీ మీద, మనుషుల మీద కాదు. కానీ ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు, ఆయన గుర్తు చెయ్యడు.

వసంతకుమారి వంటింట్లో టీ పెడుతోంది. మాటలు అక్కడికి స్పష్టంగానే వినిపిస్తున్నాయి. ముందు దైవాశీర్వాదం గొంతు.

"అయ్యగారూ, ఇది నా పర్సనల్ ఒపీనియన్ కాదండి. మెంబర్స్ ఫీలింగ్. ఫ్యామిలీస్ ఉన్నాయి, చిన్న పిల్లలున్నారు. రూతు గారంటే మాకూ రెస్పెక్టే."

"పోయిన వారం బుధవారం ప్రేయర్ మీటింగ్‌లో తనే చెప్పింది కదండీ," అంది లూసీ. "ఆ ఎయిడ్స్ పేషెంటుకి స్పాంజి బాత్ తనే ఇస్తోందట, అన్నం తనే తినిపిస్తోందట. ఇచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరట. మనందరి మూతులూ ఆ గిన్నెకే కదా."

వసంతకుమారి చేతిలో వడపోత ఆగిపోయింది. రూతు చెప్పింది నిజమే. ప్రార్థన కూటం చివర అందరూ తలా ఒక విన్నపం చెప్పుకుంటారు. ఒకరికి గ్రీన్ కార్డు, ఒకరికి పిల్లాడి పరీక్ష. రూతు మోకాళ్ళ మీదే ఉండి, ఆసుపత్రిలో తను నర్సుగా చేసే వార్డులో ఒక మనిషి ఆ జబ్బుతో ఉన్నాడు, ఆయన కోసం ప్రార్థించండి అంది. ప్రార్థించారో లేదో కానీ, ఆ మాటని మాత్రం జాగ్రత్తగా ఇంటికి పట్టుకెళ్ళారు. ఆ రాత్రే ఫోన్లు తిరిగాయన్నమాట. ఆ జబ్బు పేరు కొత్తగా వినపడుతున్న రోజులవి. ఆ మధ్య సినిమా యాక్టరొకడు ఆ జబ్బుతో పోయినప్పటినుంచి టీవీ పెడితే అదే గోల. కానీ టీవీ వాళ్ళకి భయపెట్టడమే పని. వీళ్ళకేమైంది?

"చిన్న ప్లాస్టిక్ కప్పులు పెడదామండీ," అన్నాడు రత్నరాజు. "అమెరికన్ చర్చిల్లో చాలాచోట్ల అలాగే. ఎవరి కప్పు వాళ్ళది."

అప్పుడు ఆమోసు గొంతు లేచింది. వసంతకుమారి గుండె ఊరట పడింది.

"లేదు. ఆ ఒక్కటీ అడక్కండి. ఒకటే గిన్నె. మా నాన్నగారి చేతుల్లోంచి వచ్చింది. దానికోసమే కదా ఇంత సంస్కరణ. గిన్నె మార్చేది లేదు."

దైవాశీర్వాదం గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఒక కాంప్రమైజ్ అండీ. గిన్నె అదే ఉంచుదాం. రూతు గారు చివర తీసుకుంటారు. అందరూ అయ్యాక. అప్పుడు ఆవిడ తర్వాత తాగేవాళ్ళే ఉండరు. ఆవిడకీ అన్యాయం జరగదు, మనకీ భయం లేదు. లేకపోతే నాలుగు ఫ్యామిలీలు రామంటున్నాయి. మీ ఇష్టం."

నాలుగు కుటుంబాలంటే సంఘంలో దాదాపు సగం. వసంతకుమారి టీ కప్పుల ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడింది. భర్త ముఖంలోకి చూసింది. ఆయన ఆమె వైపు చూడకుండా ట్రేలోంచి కప్పు తీసుకుని, "సరే, అలా చేద్దాం," అన్నాడు. గిన్నెను కాపాడుకున్న తృప్తి ఆయన ముఖంలో కనిపించింది కూడా. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. గిన్నెను కాపాడాడు, మనిషిని వదిలేశాడు. పైగా గెలిచాననుకుంటున్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఆయనే మెల్లగా అన్నాడు. "రూతుకి నువ్వు చెప్పు. ఆడవాళ్ళకి ఆడవాళ్ళు చెబితే బావుంటుంది."

"మగవాళ్ళు తీర్మానం చేసుకోవచ్చు, చెప్పడానికి మాత్రం ఆడవాళ్ళు కావాలా?"

"వసంతా, సంఘం విడిపోతే ఏం చెయ్యను? ఎన్నేళ్ళు పట్టింది పది కుటుంబాల్ని పోగు చెయ్యడానికి?"

"మా నాన్నకి ఊళ్ళో టీ కొట్టు దగ్గర కొబ్బరి చిప్ప వేరుగా వేలాడేది. మీ నాన్నకీ అంతే. ఆ డాక్టరు గారి నాన్నకీ అంతే. ఈ సంఘంలో ఆ చిప్ప తెలియని ఇల్లు ఒక్కటి చెప్పండి."

"అది వేరు. అది కులం. ఇది ఆరోగ్యం విషయం."

"ఆ చిప్ప వేలాడదీసినవాడు కూడా శుభ్రం కోసమే అన్నాడండీ."

ఆమోసు ప్రసంగం కాగితాలు సర్దుకుని బల్ల లైటు వేసుకున్నాడు. ఆమె గిన్నెను తుడిచి, మడత పెట్టిన తెల్లగుడ్డలో చుట్టి, అలమరలో పెట్టి తలుపు గట్టిగానే వేసింది.

*

చెప్పనని మొండికేసి ఉండాల్సింది. వసంతకుమారి తర్వాత అలా అనుకుంది. కానీ తను చెప్పకపోతే లూసీ చెబుతుంది, అదీ అందరి ముందూ, నవ్వు ముఖంతో. ఆ ఊహకే భయపడి శుక్రవారం సాయంత్రం గోంగూర పచ్చడి సీసా పట్టుకుని రూతు అపార్ట్‌మెంటుకి నడిచింది. అదే కాంప్లెక్సు, పార్కింగు లాటుకి అవతల బిల్డింగు.

రూతు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. నలభైకి దగ్గరపడుతున్న మనిషి, ఒంటరిది, తెల్ల యూనిఫాం ఇంకా విప్పలేదు. తలుపు తీసి నాలుగడుగులు వెనక్కి వేసింది.

"వందనాలమ్మగారూ. కూర్చోండి, స్నానం చేసొస్తా. ఈ బట్టల్తో మీ దగ్గరికి రాను."

వచ్చాక కాఫీ కలిపింది. తనకి స్టీలు గ్లాసులో పోసుకుంది. వసంతకుమారికి కాగితం కప్పులో ఇచ్చింది. రూతు చేతులు వేళ్ళ సందుల్లో పగిలి ఉన్నాయి. గ్లవ్స్ పొడికీ, గంట గంటకీ సబ్బుతో కడగడానికీ చర్మం నిలవట్లేదట. కూర్చుని కొబ్బరినూనె రాసుకుంటోంది.

"ఇదేంటే, నాకు కాగితం కప్పు?"

"అందరికీ అలాగే ఇస్తున్నానండీ ఇప్పుడు. మొన్న రత్నరాజు గారి మిసెస్ వచ్చి గ్లాసు ముట్టుకోలేదు. ఎవర్నీ ఇబ్బంది పెట్టడమెందుకని."

వసంతకుమారి లేచి వంటింట్లోకి వెళ్ళి, బోర్లించి ఉన్న స్టీలు గ్లాసు ఒకటి తీసి, కాఫీ అందులోకి వంపుకుంది. కాగితం కప్పు నలిపి చెత్తబుట్టలో వేసింది. అంత చేసి, మళ్ళీ తను తెచ్చిన కబురు గుర్తొచ్చి, సిగ్గుతో తల వంగిపోయింది. గ్లాసు మార్చుకున్నంత తేలిగ్గా ఆ కబురు మింగెయ్యలేదు కదా.

చెప్పింది. డొంకతిరుగుడు లేకుండా, కమిటీ అన్నదంతా చెప్పింది.

రూతు నూనె రాసుకోవడం ఆపలేదు. వేలు వేలుకీ రాసుకుంది.

"చివర రమ్మన్నారా, రావద్దన్నారా?"

"చివర."

"అయితే వస్తాను."

"రూతూ..."

"నాకు కోపం రాలేదనుకోకండమ్మగారూ. వచ్చింది. ఆయన పేరేంటని ఒక్కరైనా అడిగారా?"

"ఎవరి పేరు?"

"నేను ప్రార్థన చెయ్యమన్న మనిషి పేరు."

వసంతకుమారి కాఫీ గ్లాసు కింద పెట్టింది. తనూ అడగలేదు. ఆ బుధవారం తనూ అక్కడే మోకరించి ఉంది.

"భోజనం ట్రే తెచ్చే మనిషి తలుపు బయట నేల మీద పెట్టి పోతాడండీ. మంచం మీంచి లేవలేని మనిషికి ట్రే గుమ్మంలో కనపడుతూ ఉంటుంది. నేను వెళ్ళేదాకా చల్లారిపోతుంది. వాళ్ళ పాస్టరు వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి ప్రార్థన చేసి వెళ్ళాడు. ఆ రోజు నన్నడిగాడండీ ఆ మంచం మీది మనిషి, మీ చర్చిలో ఎలా, ఎవరి కప్పు వాళ్ళదేనా అని. లేదు, మాకందరికీ ఒకటే అని చెప్పా." రూతు నూనె సీసా మూత బిగించింది. "గొప్పగా చెప్పానమ్మగారూ."

వసంతకుమారి ఆ పగిలిన చేతులు పట్టుకుంది. ఇద్దరి చేతులకీ నూనె అంటుకుంది. ఆ నూనె చేతులతోనే ఆమె ఇంటికి నడిచొచ్చింది. పచ్చడి సీసా అక్కడ పెట్టిందో లేదో కూడా గుర్తులేదు.

*

శనివారం పొద్దున కిస్‌మిస్ మరుగుతోంది. ఇల్లంతా తియ్యటి వాసన. వసంతకుమారి బల్లగుడ్డ ఇస్త్రీ చేసి, గాజు కూజా కడుగుతోంది. ముందుగదిలో ఆమోసు ప్రసంగం పైకి చదువుకుంటున్నాడు, గడియారం చూసుకుంటూ.

"ఊళ్ళో ప్లేగు పడింది. యూనివర్సిటీని వేరే ఊరికి తరలించారు. నువ్వూ వచ్చెయ్యి అని రాజు కబురు పెట్టాడు. లూథరు కదల్లేదు. భార్య గర్భవతి. అయినా రోగుల్ని ఇంట్లో పెట్టుకున్నాడు. గొర్రెల కాపరి మంద జబ్బుపడిందని పారిపోతాడా, అని అడుగుతున్నాను ప్రియులారా!"

కూజా కడుగుతున్న ఆమె చేయి ఆగింది. ప్రసంగానికి కాదు. చేతిలో ఉన్న కూజాను చూసి.

ఇది దేనికి? గిన్నె కడగడానికి. కడిగే ముందు ఏం చేస్తారు? మిగిలింది తాగుతారు. ఎవరు?

రూతు తర్వాత తాగేవాళ్ళే ఉండరన్నాడు డాక్టరు గారు. కమిటీ అంతా తలూపింది. ఇన్నేళ్ళుగా తన చేత్తో గిన్నె ఖాళీ చేసిన మనిషి కూడా తలూపాడు. అలవాటైపోయిన పని ఎవరి కంటికీ ఆనలేదు. జనం చివర నిలబడేది రూతే అయినా, గిన్నె చివర ఉండేది ఎప్పుడూ పాస్టరే.

వసంతకుమారికి నవ్వొచ్చింది. మరుక్షణం నవ్వు పోయి, చెప్పాలా అనిపించింది. పక్క గదిలోనే ఉన్నాడు. ఒక్క మాట చాలు. అప్పుడాయన కంగారుపడతాడు, దైవాశీర్వాదానికి ఫోన్ చేస్తాడు, ఇద్దరూ కలిసి ఇంకేదో దారి కనిపెడతారు. మిగిలింది చెట్టు మొదట్లో పోసెయ్యొచ్చు అంటారు. ఎక్కడో ఎవరో అలా చేశారని కూడా చెబుతారు. పండితులకి దారులకేం కొదవ?

"వసంతా, ఈ ప్లేగు ముక్క ఎలా ఉంది?"

"బాగుంది," అంది. "అది అస్సలు తియ్యకండి."

అలమరలోంచి ఇంకో కిస్‌మిస్ పొట్లం తీసి తపేలాడు నీళ్ళలో పోసింది. ఈసారి కొలత చూడలేదు.

*

అమెరికన్ చర్చి వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు తమ బేస్‌మెంటు తెలుగు సంఘానికి ఇస్తారు. మడత కుర్చీలు, మడత బల్ల, మూల పియానో. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. కొంగులు తలమీదికి లాక్కుని కూర్చున్నారు. రూతు వెనక వరసలో, తలుపు దగ్గర, నీలం చీరలో ఉంది. ఆమె పక్క కుర్చీలు రెండూ ఖాళీ. మామూలుగా పిల్లలు కొట్టుకుంటారు ఆమె పక్కన కూర్చోవడానికి, హ్యాండ్‌బ్యాగులో పెప్పర్‌మింట్లు ఉంటాయని. ఇవాళ తల్లులు పిల్లల్ని ఒళ్ళోనే పెట్టుకున్నారు.

ఆరాధనకి ముందు బల్ల సర్దుతుంటే ఆమోసు వచ్చి గిన్నెలోకి చూశాడు. అంచు దాకా ఉంది.

"ఇంత పోశావేం?"

"పండగ కదండీ."

ప్రసంగం నిజంగానే బాగా వచ్చింది. గిన్నె అందరిదీ అన్నప్పుడు దైవాశీర్వాదం బిగ్గరగా "ఆమెన్" అన్నాడు. ప్లేగు ఊళ్ళో కాపరి పారిపోలేదు అన్నప్పుడు లూసీ కొంగుతో కళ్ళొత్తుకుంది. వసంతకుమారి వాళ్ళనే చూస్తూ కూర్చుంది. కొంగుల చాటున ఎన్ని కళ్ళు తడిశాయో చూసింది. ఒక్కరైనా వెనక్కి తిరిగి ఆ నీలం చీరను చూస్తారేమో అని చూసింది. ఎవరూ తిరగలేదు. నాలుగు వందల ఏళ్ళనాటి ప్లేగుకి ఏడవడం ఎంత సుఖం!

తర్వాత వరసలు కదిలాయి. ముందు మగవాళ్ళు, తర్వాత ఆడవాళ్ళు. బల్ల ముందు పరిచిన తివాచీ ముక్క మీద మోకరిస్తే, ఆమోసు ఒక్కొక్కరికీ రొట్టె పెట్టి, గిన్నె నోటికి అందించి, అంచు తెల్లగుడ్డతో తుడిచి, కాస్త తిప్పి, పక్కవాళ్ళకి అందించాడు. పెదవి తడిసీ తడవనట్టు తాగి లేస్తున్నారు అందరూ. లూసీ అయితే తాగిందో లేదో తెలియదు.

ఆడవాళ్ళ ఆఖరి వరస లేచి వెళ్ళిపోయింది. వసంతకుమారి కూడా తీసుకుని పక్కకి వచ్చి, కూజా చేతిలోకి తీసుకుని తన మామూలు చోట నిలబడింది. తివాచీ ఖాళీ అయింది.

రూతు వెనక నుంచి నడిచొచ్చింది. అంత దూరం ఒక్కతే నడవడం ఎలా ఉంటుందో ఆ హాల్లో ఎవరికీ తెలియకపోలేదు. తల వంచలేదు, తొందరపడలేదు. మోకరించి, పగిలిన చేతులు జోడించింది. ఆమోసు రొట్టె పెట్టాడు. గిన్నె అందించాడు. రూతు దాహం వేసినట్టు ఒక్క గుక్క నిండుగా తాగింది.

ఆయన అంచు తుడిచి, అలవాటు కొద్దీ కాస్త తిప్పి, బల్ల వైపు తిరిగాడు. గిన్నెలోకి చూశాడు.

సగానికి పైగా ఉంది.

అప్పుడు తెలిసింది ఆయనకి. వీపు బిగుసుకోవడం వసంతకుమారి కళ్ళారా చూసింది. హాల్లో కూడా ఒక్కొక్కరికే తెలుస్తోంది. దైవాశీర్వాదం ముందుకి వంగి, మళ్ళీ వెనక్కి వాలి, బూట్ల వైపు చూసుకున్నాడు. ఆమోసు తల కొంచెం తిప్పి భార్యని చూశాడు. నిండు గిన్నె, కూజా, ఆమె ముఖం. పండగ కదండీ అన్నమాట ఆయనకి ఇప్పుడు అర్థమైంది.

"వసంతా," అన్నాడు పెదవులు కదలకుండా. "బయట మట్టిలో..."

"మీ నాన్నగారు ఎప్పుడైనా పోశారా?"

గిన్నె ఆయన చేతుల్లో వణికింది. రసం అంచుకి వచ్చి వెనక్కి పోయింది. వసంతకుమారి ఇందుకే ఎదురుచూసింది. శనివారం నుంచీ ఈ క్షణాన్ని తలచుకుని తలచుకుని సంతోషించింది. తాగు, లేదా ఆ ప్రసంగం చించెయ్యి. రెండే దారులు.

కానీ రూతు ఇంకా మోకాళ్ళ మీదే ఉందన్న సంగతి ఆమె మరిచిపోయింది.

రూతు తలెత్తి పాస్టరు చేతుల్ని చూసింది. వార్డులో ఎన్ని చేతులు అలా వణకడం చూసిందో. ఆమె ముఖంలో కోపం లేదు, అలవాటైన దయ ఉంది. చెయ్యి చాచింది.

"అయ్యగారూ, ఇటివ్వండి," అంది మెల్లగా, మందు మింగలేనంటున్న రోగితో మాట్లాడినట్టు. "నేనే తాగేస్తా. మీరేం భయపడకండి."

వసంతకుమారికి తల కొట్టేసినట్టయింది. తన పంతం కూడా చివరికి వచ్చి ఆ మనిషి చేతిలోనే పడుతోంది. అందరూ వదిలేసిన ట్రేలు ఎత్తినట్టు, దీన్నీ ఆమే ఎత్తాలా? ఇక్కడ కూడానా?

"నువ్వు లేవకు రూతూ," అంది. పైకే అంది. హాలంతా విన్నది.

కూజా బల్ల మీద పెట్టి, భర్త చేతుల్లోంచి గిన్నె తీసుకుంది. రూతు పెదవులు ఎక్కడ తగిలాయో చూసి, అంచును అక్కడికే తిప్పుకుంది. తాగింది. తను పోసిందే, కొలత చూడకుండా పోసింది, గుక్క తిప్పుకోకుండా తాగాల్సి వచ్చింది. తీపికి గొంతు మండింది. చుక్క మిగల్చలేదు. ఖాళీ గిన్నె ఆయన చేతిలో పెట్టి, కూజా అందించింది.

ఆమోసు నీళ్ళు పోశాడు. గిన్నె తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. తర్వాత కళ్ళు మూసుకుని ఆ నీళ్ళు తాగాడు.

నీళ్ళు తాగాడు. అంతే.

ముగింపు ప్రార్థనకి జనం లేచి నిలబడ్డారు. ఆమోసు గొంతు పీలగా వచ్చింది. ప్రయాణాల్లో ఉన్నవారి కొరకు, ఉద్యోగాలు లేనివారి కొరకు, రోగుల కొరకు అని మామూలు వరసలో వెళ్ళి, "ఆసుపత్రిలో..." అని ఆగాడు. ఆ తర్వాత మాట లేదు. ఎలా ఉంటుంది? పేరు తెలిస్తే కదా.

హాలు అలాగే నిలబడి ఉంది. ఎవరో పిల్లాడు కుర్చీని తన్నుతున్న చప్పుడు.

"డేనియల్, అయ్యగారూ," అంది రూతు.

"డేనియల్ కొరకు," అన్నాడాయన.

*

ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమ విందుకి కుర్చీలు జరుపుతున్నారు. వంటింటి సింకు దగ్గర వసంతకుమారి గిన్నె కడుగుతుంటే రూతు తుడుస్తోంది. లూసీ పులిహోర గిన్నె తీసుకోవడానికి వచ్చి, వాళ్ళిద్దర్నీ చూసి, గుమ్మంలోనే ఆగి, "తర్వాత తీసుకుంటాలెండి అమ్మగారూ," అని వెళ్ళిపోయింది. ఇప్పుడు జనం గుమ్మం దగ్గర ఆగేది తమ ఇద్దర్నీ చూసి అన్నమాట. వసంతకుమారికి ఆశ్చర్యంగా, ఆ మాటకి బాధ వెయ్యలేదు. కోపం మాత్రం ఉంది. అది ఇవాళ తీరేది కాదు.

"నిన్నడక్కుండా నేనొక పని చేశానే," అంది రూతుతో. "గిన్నె నిండా పోసింది నేనే, కావాలనే. ఆయన్ని ఇరికిద్దామని. నిన్నక్కడ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మరీ."

"తెలుసమ్మగారూ. కళ్ళముందే ఉంది కదా, నిండుగా." రూతు గిన్నెను వెలుగులోకి ఎత్తి, కాడ దగ్గర మిగిలిన తడి తుడిచింది. "అందుకే పెద్ద గుక్క తాగా. అయ్యగారికి కొంచెమైనా తగ్గుతుందని."

వసంతకుమారి ఏడవబోయి నవ్వింది. రూతు రేపటి డ్యూటీ పొద్దున్నే ఉందని, వెళ్ళి విందు వడ్డనలో చెయ్యి వెయ్యాలని హాల్లోకి వెళ్ళింది. ఇవాళ ఎవరెవరు ఆమె వడ్డిస్తే తింటారో చూడాలి.

కాసేపటికి ఆమోసు వచ్చాడు. చేతిలో ప్రసంగం కాగితాలు గొట్టంగా చుట్టి ఉన్నాయి. వచ్చి, సింకు పక్కన నిలబడి, గిన్నె చుట్టే తెల్లగుడ్డ తీసుకుని మడత పెట్టబోయి, మడత కుదరక మళ్ళీ విప్పాడు. ప్రతి ఆదివారం అడిగే మాట ఆ రోజు అడగలేదు.

అడగకపోయినా ఆమె చెప్పింది.

"పై నెల రూతు అందరితోపాటు వరసలో ఉంటుంది. చివర నేను నిలబడతా. మీ కమిటీకి చెప్పండి. గిన్నె నిండానే పోస్తాను, కొలత చూడను."

ఆయన తలెత్తాడు.

"నా తర్వాత మీరే తాగాలి. అందరూ చూస్తుండగా, నీళ్ళు కాదు." ఆయన చేతిలోంచి గుడ్డ తీసుకుని, ఒక్క దులుపు దులిపి, గిన్నెను చుట్టింది. "ప్రసంగం ఎలా ఉందో అప్పుడడగండి."